తలకిందుల పూలు

"ఎవడమ్మా ఈ కాగితం అంటించిన మహానుభావుడు?" అన్నారు మామగారు, స్టూలు మీద కూర్చుని గోడకేసి గుర్రుగా చూస్తూ. "పూలన్నీ తలకిందులుగా ఉన్నాయి. తీగ పైనుంచి కిందికి పాకుతోంది."

"మనకంటే ముందు ఈ ఇంట్లో ఉన్నవాళ్ళయి ఉంటారు మామయ్యా," అంది కోడలు, గోరువెచ్చని నీళ్ళ బకెట్, కాగితం గీకే ఇనపరేకు ఆయన కాళ్ళ దగ్గర పెడుతూ. "తీసేద్దామంటే నాకు చేతకాదు. మీ అబ్బాయికి తీరదు."

"నాకు మాత్రం చేతనవునా?" అన్నారాయన, ఒళ్ళో వాలిపోయి ఉన్న కుడిచేతిని చూసుకుని.

నలభై ఏళ్ళపాటు ఎందరి ఇళ్ళ గోడలకో ఇలాంటి పూలకాగితాలు అంటించిన చేయి అది. మూడు నెలల కిందట పక్షవాతంతో పడిపోయింది. ఆస్పత్రి నుంచి ఆయన్ని తిన్నగా కొడుకింటికి తీసుకొచ్చారు. వేళ్ళు ఇప్పుడు కదిలిస్తే సరేసరి, లేకపోతే ఇక ఎప్పటికీ కదలవని డాక్టరు నిక్కచ్చిగా చెప్పి, పిసకడానికో రబ్బరు బంతి ఇచ్చాడు. ఈ వయసులో బంతాట ఏమిటని ఆయన దాన్ని మంచం కిందికి విసిరేశారు. కొడుకు బతిమాలాడు, కోప్పడ్డాడు, చివరికి నీరుగారిపోయి ఊరుకున్నాడు. కోడలు మాత్రం పల్లెత్తు మాట అనలేదు. వారం పోయాక, ఎప్పుడూ తాళం వేసి ఉండే వెనకగది తలుపు తీసి, ఆయన్ని చేయి పట్టి నడిపించుకొచ్చి ఈ గోడ చూపించింది.

తలకిందుల పూలు చూస్తుంటే ఆయనకు ప్రాణం ఉసూరుమంది. "ఆ రేకు ఇటివ్వు," అన్నారు.

మొదటిరోజు ఆ గీకుడు రేకు పదకొండుసార్లు జారి కిందపడింది. విసుగెత్తి ఎడమచేత్తో అందుకోబోయారు.

"ఎడంచేత్తో గీకితే గోడ పెచ్చులూడుతుందేమో మామయ్యా."

"నాకే పని నేర్పుతున్నావూ?" అని గొణిగి, కుడివేళ్ళను ఒక్కొక్కటిగా పిడి చుట్టూ మడిచి మళ్ళీ మొదలుపెట్టారు. సాయంత్రానికి అరచెయ్యంత కాగితం ఊడింది. చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. అయినా ఆ రోజు అన్నం రెండోసారి అడిగి పెట్టించుకున్నారు.

ఇక పట్టు వదల్లేదు. పొద్దున్నే స్టూలు మీద హాజరు. స్పాంజితో గోడ తడపడం, కాగితం నీళ్ళు తాగేదాకా ఆగడం, గీకడం, మధ్యలో ఆ అంటించినవాణ్ణి తిట్టడం.

"కిటికీ పక్కన కూడా రంగు వెలవలేదు చూశావా? పాత సరుకంటే అదీ," అన్నారొక రోజు. మరోరోజు జిగురును వేలితో తీసి వాసన చూశారు. "పిండి ఇంత చిక్కగా కాస్తారా ఎవరైనా? బద్ధకిష్టి."

కోడలు తల వంచుకుని ముక్కలు ఏరింది. ఆమె మోచేతి మీద తెల్లగా ఏదో ఎండిపోయి ఉంది.

"అదేమిటమ్మా?"

"వంటింట్లో పిండి కలిపాను మామయ్యా," అంటూ చేయి తుడుచుకుంది. "అయితే మీరెలా కాసేవారు?"

ఆయన హుషారుగా చెప్పుకుపోయారు. నీళ్ళెన్ని, పిండెంత, మొదటి కాగితం ఏ మూల నుంచి మొదలెట్టాలి, అంచుకు అంచు ఎలా కలపాలి. ఆమె రెండోసారి కూడా చెప్పించుకుంది.

నాలుగో వారం ఆఖరి కాగితాన్ని ఆయన నిలబడి, కుడిచేత్తో పట్టి, పైనుంచి కిందిదాకా చిరగకుండా లాగేశారు. గోడ బోసిగా నిలబడింది. నీళ్ళు తెచ్చిన కోడలు ఆయన చొక్కా చూసి ఆగిపోయింది.

"గుండీలు ఎవరు పెట్టారు మామయ్యా?"

"ఎవరు పెడతారు? నేనే."

ఆమెకు సంతోషంతో కళ్ళనీళ్ళు తిరిగాయి. గబగబా బకెట్ అందుకుంది. "మేడమీది గదికి కూడా పాత కాగితమే ఉంది మామయ్యా. సోమవారం మొదలెడదామా?"

ఆయన పిడికిలి మూసి, తెరిచి చూసుకున్నారు. "బొటనవేలికి ఇంకా పట్టు చాలదు. మెట్లు కూడా ఎక్కాలి కదూ, ఎక్కుతాను. కానీ సోమవారం వద్దు, బుధవారం చూద్దాం."

"అలాగే," అంటూ ఆమె గడప దాటబోయింది.

"ఈసారైనా పూలు పైకి చూసేలా అంటించు తల్లీ."