గుండెకు మూడు, చెవికి తొమ్మిది

ఇందుమతి అత్తగారి కృత్రిమ గుండె సాఫ్ట్‌వేర్ పాత మూడో వెర్షన్‌తోనే కొట్టుకుంటుంది. కూతురు హారిక చెవి యంత్రానికి తొమ్మిదోది కావాలి. అందుకే ఇంటి కంప్యూటర్‌లో ఒకరి వెర్షన్ మరొకరికి తగలకుండా ఇద్దరి యంత్రాలకూ విడివిడి గదులున్నాయి.

ఆ ఉదయం ఇందుమతి తొందరలో గది ఎంచుకోకుండానే హారిక కోసం తొమ్మిదిని ఎక్కించింది. అది ఇంటి మొత్తానికీ ఎక్కింది. చిక్కుళ్లు ఒలుస్తున్న అత్తగారు పక్కకు ఒరిగిపోయారు.

ఇందుమతి వెంటనే అంతా మూడుకు తిప్పేసింది. అత్తగారు కళ్లు తెరిచారు.

"అమ్మా, నాకేం వినపడట్లేదే!" అని హారిక ఏడుపు అందుకుంది.

ఈసారి ఇందుమతి కంప్యూటర్‌లో కూతురి గదే తెరిచింది. గది పేరు మూడుసార్లు చదువుకుంది. అయినా వేలు కదల్లేదు.

"నొక్కవే అమ్మాయ్, పిల్ల హడలిపోతోంది" అన్నారు అత్తగారు.

ఇందుమతి ఎడమచేత్తో ఆవిడ నాడి పట్టుకుని, కుడిచేత్తో బటన్ నొక్కింది. హారిక ఏడుపు ఆపింది. నాడి కొట్టుకుంటూనే ఉంది. ఇందుమతి మాత్రం ఆ చెయ్యి వదల్లేకపోయింది.