చూస్తున్నవారు ఒకరు

నాన్న రాత్రి భోజనానికి వెళ్లగా మిరప కళ్లానికి కాపలా కూర్చున్న అఖిల, విత్తనాల కంపెనీకి రిపోర్టు పంపడానికి ఫోన్‌లో వాళ్ల మిరప విత్తనం గురించి డబ్బు తీసుకుని తాను చేసిన వీడియో లెక్కలు తెరిచింది. చూసినవాళ్లు నలభై వేలు. ఆమె మాట నమ్మి ఆ విత్తనం కొన్నట్టు తేలింది మాత్రం ఒక్కరే, బాబాయి యలమందయ్య. ఆయన చేనంతా బొబ్బర తెగులు పట్టిపోయింది. ఆ దిగులుతోనే పోయిన నెల కన్నుమూశాడు.

'ఇప్పుడు చూస్తున్నవారు: ఒకరు' అని తెర మీద వెలిగింది.

పక్కనే ఉన్న బాబాయి చేలో, చీకట్లోంచి, అఖిల గొంతే వినిపించింది. "ఈ విత్తనానికి బొబ్బర రాదండీ. మా చేలో నేనే వేశాను!"

అక్కడితో ఆగింది. కీచురాళ్లూ ఆగాయి.

"నిజంగా వేశావా తల్లీ?"

బతికుండగా బాబాయి ఒక్కసారీ అడగని మాట అది.

అఖిల తల దించుకుంది. అడుగుల చప్పుడు గట్టు దాటి వచ్చి ఆమె ముందు ఆగింది. ఆమె తల ఎత్తలేదు.