చెరో కొస

"నా కళ్లజోడు కూడా మీరే ఎక్కడో పారేసుంటారు!" సంపూర్ణమ్మ దిళ్లన్నీ దులిపేస్తోంది.

"నాదే కనపడక నేనేడుస్తుంటే, నీది నాకెందుకే?" సోఫా కింద తలపెట్టి, పటమట సెంటరు దాకా వినపడేలా అరిచాడు బాలశౌరి.

"ఇక నాతో మాట్లాడకండి."

"ముందు నువ్వు ఆపు!"

లోపలిగదిలోంచి ఆరేళ్ల మనవరాలు షారోన్ గెంతుతూ వచ్చింది. "అమ్మమ్మా, తాతయ్యా, పక్కపక్కన కూర్చుని కళ్లు మూసుకోండి. మీకు గిఫ్టు, నేనే చేశా!"

మొహాలు చెరోవైపు తిప్పుకునే కూర్చున్నారిద్దరూ. ముక్కుల మీద కళ్లజోళ్లు వచ్చి వాలాయి. సంపూర్ణమ్మ కళ్లు తెరిచి చూస్తే, రంగురంగుల పూసల తాడు ఒక కొస తన కళ్లజోడుకి, రెండో కొస ఆయన కళ్లజోడుకి ముడేసి ఉంది.

"ఇదేంటే! ఎవరి తాడు వాళ్లకి ఉండాలిగా?"

"పూసలు ఒక్క తాడుకే వచ్చాయి. అయినా మీరిద్దరూ ఎప్పుడూ ఒకచోటే ఉంటారుగా అమ్మమ్మా!"

వంటింట్లో పాలు పొంగి స్టవ్ మీద చుయ్యిమన్నాయి. ఇద్దరూ ఒక్కసారే లేచారు.

"ఆగవే, నన్నూ రానీ!" అన్నాడాయన.

కళ్లజోడు తీసేస్తే సరిపోతుందని సంపూర్ణమ్మకి అప్పుడు తట్టింది. తియ్యలేదు. ఆయన చెయ్యి పట్టుకుంది.

"మెల్లగా రండి, పూసలు రాలిపోతాయి!"