అద్దాల పెట్టెలో గిలక

తీరంలోని జాతీయ వనానికి అధికారులు మహత్తరమైన చరిత్ర రచించారు. ప్రదర్శనశాలలో తాబేళ్లకు మూడు గోడలు, కొంగలకు రెండు, మనుషులకు ఒక అద్దాల పెట్టె కేటాయించారు. పెట్టెలో ఒక బావి గిలక, దాని తాడు, కింద ఫలకం: "ఇక్కడివారు ప్రకృతిపై ప్రేమతో స్వచ్ఛందంగా తరలివెళ్లారు."

ఆ గిలక రాత్రి కాపలాదారు ఇంటిది. వనం కోసం ఊరు ఖాళీ చేయించిన రోజున అతని తండ్రి కదలనని మొండికేసి బావిలోకి దిగి కూర్చున్నాడు. ఘనత వహించిన అధికారులు బావిని ఇసుకతో పూడ్చి, దానిమీదే ఈ శాల కట్టారు. ఆయన్ని కూడా స్వచ్ఛందంగా వెళ్లినవారిలోనే జమకట్టారు. రేపే ప్రారంభోత్సవం.

కాపలాదారు ఫలకం చదివి పళ్లు నూరుతుండగా గిలక కిర్రుమంది. టార్చి వేశాడు. ఎండిన తాడు ఇప్పుడు తడిసి, నేల పలకల్లోకి నిటారుగా దిగి ఉంది.

తల్లికి ఫోన్ చేశాడు. "అమ్మా, మన గిలక తిరుగుతోందే."

"తాగొచ్చావట్రా?"

"నీ మీద ఒట్టు. తాడు తడిగా ఉంది."

"బరువుందా?"

అతడు లాఠీతో అద్దం పగలగొట్టి తాడు పట్టుకున్నాడు. అటు కొసన ఎవరో గట్టిగా పట్టుకున్నారు.

"ఉందే."

"అయితే లాగరా. పొద్దున పెద్దలొస్తారుగా. ఎంత ఇష్టంగా వెళ్లాడో మీ నాన్నే చెబుతాడు."