దూరపు కొండల ఫోటో

ట్రక్కు ముక్కులోంచి మళ్లీ ఆవిరి లేచింది. ఇంగ్వాల్డ్ దిగి, మూత ఎత్తి, మొండికేసిన గుర్రాన్ని బుజ్జగించినట్టు దాన్ని బుజ్జగించడం మొదలుపెట్టాడు. రాగ్నా కెమెరా పట్టుకుని రెండోవైపు దిగింది.

"మళ్లీ బాతులేనా?" అన్నాడాయన తలెత్తకుండా.

"ఇవి వేరే బాతులయ్యా."

నిన్నటి నుంచీ ఇదే వరస. సస్కాచువాన్ గోధుమచేల మధ్య తాడు లాగి పరిచినట్టున్న రోడ్డు. ట్రక్కు అలిసినచోటల్లా రాగ్నా ఏదో ఒకటి తీస్తూనే ఉంది. రైలుపట్టాల పక్క ఒంటరిగా నిలబడ్డ ఎర్రటి ధాన్యం గోదాము, పచ్చిక మీద గాలి తీసిన పాపిడి, వీళ్లని చూసి వీళ్లే వింత అన్నట్టు ఆగిపోయిన జింక. పెళ్లయ్యాక ఇంత దూరం రావడం ఇదే మొదలు. పాస్టరుగారి భార్య అరువిచ్చిన కెమెరాలో ఇక ఒక్క బొమ్మే మిగిలింది. అది మాత్రం కొండలకి. దానికోసమే గదా బయల్దేరింది.

పెళ్లికి ముందు పడమటి కొండల్లో రైలుదారి వేసిన రోజుల గురించి ఇంగ్వాల్డ్ దగ్గర పుట్టెడు కథలున్నాయి. ఆ కథలతోనే ఊళ్లో కాఫీ బల్లని ఏలుతున్నాడు. పొద్దున్నే రైతులంతా సహకార దుకాణం వెనక చేరి కాఫీ తాగే బల్ల అది. నోరున్నవాడిదే అక్కడ రాజ్యం. మంచుకొండ మీద ఎలుగుబంటి తనని చుట్ట అడిగిందనీ, ఓ లోయలో తుమ్మితే ఆ తుమ్ము తిరిగొచ్చేసరికి తనకి జలుబే తగ్గిపోయిందనీ ఆయన చెబుతుంటే అందరూ కప్పులు చల్లారబెట్టుకుని వినేవాళ్లు. ఈ వేసవిలో పక్క పొలం ఆస్లాక్ అడ్డం తిరిగాడు.

"కొండల్ని నువ్వు చూశావా, కలలో అవే వచ్చి నిన్ను చూసిపోయాయా? వాటి ముందు నిలబడి ఒక్క ఫోటో తీయించుకు రా. లేదంటే ఇకమీదట నోరు మూసుకుని కాఫీ తాగు."

బల్లంతా నవ్వింది. ఇంగ్వాల్డ్ ఇంటికొచ్చి ఆలుగడ్డ రొట్టె ముట్టలేదు. మర్నాడు కాఫీకీ వెళ్లలేదు. మాట పోతే ఆ మనిషి మిగలడని రాగ్నాకి తెలుసు. ఫోటోనే గదా, తెచ్చి వాళ్ల మొహాన కొడదాం పద అంది.

సాయంత్రానికి ట్రక్కు ఇక లాగేలా లేదు. మూలుగుతూ ఓ మిట్ట ఎక్కింది. ఇంగ్వాల్డ్ బ్రేకు తొక్కాడు.

పడమట, పచ్చిక అంతమయ్యేచోట, నీలంగా బారులు తీరి ఉన్నాయి. తలలు తెల్లగా మెరుస్తున్నాయి. సూర్యుడు వెనక్కి జారి అంచులకి బంగారు జరీ కుడుతున్నాడు. ఇంగ్వాల్డ్ చాలాసేపు చూశాడు.

"అవిగో," అన్నాడు చివరికి, గొంతు సవరించుకుని.

"అవేనా?"

"అవి కాక మరేంటే? ఎడమపక్కది ముసలి బిషప్. రెండు తలలది అక్కాచెల్లెళ్లు. ఎలుగుబంటి చుట్ట అడిగింది ఆ వెనకే."

రాగ్నా వాటిని చూసింది, ఆయన్ని చూసింది. ఆయన వేళ్లు టోపీ అంచుని నలిపేస్తున్నాయి. ఇంకాస్త దగ్గరికి పోదామా అని అడిగింది.

"దగ్గరికెళ్తే కొండ కనపడదే. రాళ్లు కనపడతాయి. పైగా ఆకాశానికి అడ్డం."

దూరపు కొండలు నునుపని పెద్దలు ఊరికే అనలేదు. రాగ్నా వాదించలేదు. త్వరగా వెళ్లి నిలబడమంది. కాలరు సర్దింది. అక్కాచెల్లెళ్లు సరిగ్గా టోపీ పైకి వచ్చేలా ఆయన్ని ఓ అడుగు పక్కకి జరిపింది. చివరి బొమ్మ తీసేసింది. వెంటనే ట్రక్కు ఇంటిదారి పట్టింది.

ఫోటో కడిగించి తెచ్చాక కాఫీ బల్ల మీద చేతులు మారింది. ఆస్లాక్ కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు, తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. చివరికి, పటాలానికి పోయినప్పుడు తన రైలు ఆ రెండు తలల కొండ కిందనుంచే వెళ్లిందన్నాడు. ఇంకొకాయన ముసలి బిషప్‌ని గుర్తుపట్టాడు. ఆస్లాక్ స్వయంగా లేచి ఇంగ్వాల్డ్ కప్పు నింపాడు.

"సరే చెప్పు. చుట్ట ఇచ్చావా, లేదా?"

ఇంగ్వాల్డ్ కుర్చీలో వెనక్కి వాలాడు. పంచదార కొనడానికి వచ్చిన రాగ్నా గుమ్మం దగ్గరే ఆగి, ఎన్నోసారో విన్న ఆ కథనే కొత్తగా వింటున్నట్టు విని, చల్లగా నవ్వుకుంటూ ఇంటికి నడిచింది. తిరుగు ప్రయాణం సంగతి మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు.

దారిలోనే ఆ కొండలన్నీ వానై కురిసిపోయాయి.