నక్షత్రం గుర్తు ప్రశ్న

"రాసిచ్చే జవాబు నాకొద్దు" అంది సుందరవల్లి. "నోటితో సెప్పమను."

శ్రీరంజని ఫోను చేత్తో మూసి ఆమె వంక చూసింది. ఎమ్మెల్యే సుందరవల్లి కాగితాలన్నీ చూసుకునే మనిషి శ్రీరంజని. అవతల రవాణా మంత్రి ఆఫీసు. రేపటి ప్రశ్నకు జవాబు టైపు చేసి ఉంచారట. మంత్రిగారికి గొంతు బాగాలేదు, సభలో పట్టుబట్టవద్దని వాళ్ళ మనవి.

"అన్ని వివరాలూ ఇస్తామంటా ఉండారక్కా. ఇంకేం కావాల?"

"ప్రశ్నకు నక్షత్రం గుర్తు పెట్టినానా లేదా? పెట్టినాక లేసి సెప్పాల్సిందే."

మాట నిజమే. గుర్తు లేని ప్రశ్నకు మంత్రి కాగితం మీద జవాబిస్తే చాలు. నక్షత్రం గుర్తున్న దానికి సభలో లేచి నిలబడి నోటితో చెప్పాలి. ఐదేళ్ళుగా సుందరవల్లి అడిగిన ప్రశ్నల్లో ఆ గుర్తు లేనిది ఒక్కటీ లేదు.

సూలూరు పక్కన పాత తెలుగు పల్లె ఆమెది. వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు. అత్తగారు బతికున్నంత కాలం ఆ ఇంట్లో మాట వినబడేది. ఆమె పోయాక, పెరుమాళ్ళ పటం ముందు నిలబడి సుందరవల్లి చెప్పుకునేదే మిగిలింది. ఆ స్వామీ బదులివ్వడు. అయితే రాసిస్తానని మాత్రం అనడు.

ఈసారి ప్రశ్న బస్సు గురించి. మరమగ్గాలకు పోయే ఆడవాళ్ళ పొద్దుటి బస్సు ఆగిపోయి ఏడాదైంది. మూడు మైళ్ళు నడక. వాళ్ళలో ఒకతె మూకాయి అనే ముసలామె. ఇంకోసారి ఆలస్యమైతే మగ్గం వేరేవాళ్ళకు ఇచ్చేస్తానన్నాడట ఆమె యజమాని. ఆ ముసలిది ఎమ్మెల్యే వాకిట్లో చతికిలబడి అంతా చెప్పుకుంది.

"నువ్వడిగితే కాదనే దమ్ము ఆ మంత్రికి ఉండాదా అమ్మణీ?" అంది చివరికి.

పక్కనున్న ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. సుందరవల్లి నవ్వలేదు. అర్జీ తీసుకుని కళ్ళకద్దుకుంది.

ఆ మంత్రితో ఆమెకు పగ అని పత్రికల వాళ్ళు రాస్తుంటారు. ఊరికే రాయలేదు. ఆయన ఆరోగ్య మంత్రిగా ఉన్న మూడేళ్ళూ ఆమె ఆసుపత్రుల గురించే అడిగింది. మందుల కొరత, పాముకాటు సూదులు, కాన్పు గదిలో నీళ్ళు. ఆయనను రవాణా శాఖకు మార్చారు. మరుసటి సమావేశానికల్లా ఆమె ప్రశ్నలూ ఆసుపత్రులు వదిలి బస్సులెక్కాయి. మిగతా మంత్రుల జోలికి ఆమె పోయింది లేదు.

మర్నాడు చెన్నై సభలో ఆమె వంతు వచ్చింది. జవాబును చదవకుండానే సభ ముందు ఉంచినట్టు అనుకుందామా అని సభాపతి అడిగారు. చాలామంది తలలూపారు. సుందరవల్లి లేచింది.

"రవాణా శాఖ మంత్రివర్యులు చదివి వినిపించాలి."

అధికార పక్షంలో ముసిముసి నవ్వులు. ఎవరో దగ్గారు. మిగతా సభ్యులు మంత్రుల పేర్లకు ముందూ వెనకా బిరుదులు తగిలించి మరీ పిలుస్తారు. ఆమె మాత్రం ఈయన పేరు ఒక్కనాడూ ఎత్తలేదు. శాఖ పేరు చెబుతుంది, అంతే. పొగరని కొందరు, పద్ధతని కొందరు.

మంత్రి నెమ్మదిగా లేచాడు. కాగితం వంక చూస్తూ మొదలుపెట్టాడు. గొంతు నిజంగానే బొంగురు పోయింది. ఎన్ని బస్సులు, ఎందరు డ్రైవర్లు, ఎందుకు ఆపాల్సి వచ్చింది, అన్నీ చెప్పాడు. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి ఆ బస్సు మళ్ళీ నడుస్తుందన్నాడు. సభలో బల్లలు చరిచారు.

అంతటితో ఆమె కూర్చోవచ్చు. కూర్చోలేదు. అనుబంధ ప్రశ్న ఉందంది. ఆయన దగ్గు తగ్గి, గ్లాసెత్తి నీళ్ళు తాగేదాకా ఆగింది.

"పొద్దున ఎన్ని గంటలకు?"

"ఆరు నలభై."

"ఆదివారం కూడానా?"

ఆయన మొదటిసారి కాగితం మీంచి తలెత్తాడు.

"ఆదివారం కూడా."

ఇంకొకటి అడగబోతుంటే సభాపతి చాలన్నారు. ఆమె కూర్చుని కాసేపు కళ్ళు మూసుకుంది.

బయటికి వచ్చేసరికి శ్రీరంజని ఎదురొచ్చింది. మూకాయికి అప్పుడే ఫోన్ చేసి చెప్పేసిందట. ముసలిది ఏడ్చేసిందట.

"బస్సు వచ్చేసింది కదక్కా. మొహం అట్లుండాదేం?"

"ఈతూరి సెప్పింది నాలుగు నిముషాలే" అంది సుందరవల్లి. "పోయినతూరి ఆరు."

శ్రీరంజని ఆమె చేతిలోని ఫైలు తీసుకుని, రైలుకు వేళవుతోందని గుర్తుచేసింది.

శనివారం తెల్లవారి పోదనూరు స్టేషనులో దిగింది. తమిళుల పురటాసి మాసం, శనివారాలు పెరుమాళ్ళవి. తలంటుకుని, ఒంటిచేత్తో వంటంతా చేసింది. స్వామికి నైవేద్యం పెట్టి దీపం ముందు చాలాసేపు నిలబడింది. ఏమని వేడుకుందో ఆ స్వామికే తెలియాలి. తర్వాతి సమావేశాలు జనవరిలో. అంటే ఇంకా మూడు నెలలు.

మధ్యాహ్నం వాకిట్లో ఎర్ర దీపం కారు ఆగింది. మంత్రి దిగి, కాళ్ళు కడుక్కుని, తిన్నగా లోపలికి నడిచి, పదకొండేళ్ళుగా ఆ ఇంట్లో ఎప్పుడూ చేసినట్టే, ఆమె వడ్డించిన ఆకు ముందు ఒక్క మాటా లేకుండా కూర్చున్నాడు, ఆమె భర్త.