ఎనిమిది బై ఆరు

"చంపేస్తుందేమో బాబూ!"

రంగు చేపల కొట్టులో అడుగు పెడుతూనే ఆవిడ అన్న మొదటి మాట అది.

కొట్టతను అప్పుడే వలతో ఒక చచ్చిన చేపను పైకి తీస్తున్నాడు. ఉలిక్కిపడి వల వీపు వెనక దాచేశాడు.

"ఏది? ఎవర్ని చంపేస్తుందమ్మా?"

"పాతది. కొత్తదాన్ని."

అతనికి ప్రాణం లేచొచ్చింది. గొడవ కాదు, బేరం. స్టూలు తుడిచి వేశాడు.

"కూర్చోండమ్మా. ఇంట్లో పెద్ద చేప ఉందన్నమాట. ఏ రకం?"

ఆవిడ చుట్టూ చూసింది. ఎదుటి ట్యాంకులో నెత్తి మీద బొడిపెతో ఎర్రటి చేప ఒకటి, ఈ మూల నుంచి ఆ మూలకి తనిఖీకి వచ్చిన ఆఫీసరులా తిరుగుతోంది.

"అదిగో, అలాంటిదే. అంత బొడిపె లేదు గానీ, బుద్ధి మాత్రం అచ్చం అదే."

"ఫ్లవర్‌హార్నా! మహా మొండి ఘటం. ఇప్పుడున్న ట్యాంకు ఎంత?"

ఆవిడ సంచిలోంచి నాలుగు మడతల చీటీ తీసింది.

"ఎనిమిది బై ఆరు."

"అంగుళాలా?"

"అంగుళాలేంటి బాబూ, అడుగులు. మా ఆయన చేత టేపు పట్టించి మరీ కొలిపించాను."

కొట్టతను ఇంకో స్టూలు లాక్కుని తనూ కూర్చున్నాడు. అంతదాకా 'అమ్మా' అన్న నోటితోనే, "మేడమ్, ఒక్క చేపకి అంత ట్యాంకా!" అన్నాడు.

"అదీ చాలట్లేదు. ఇంతకుముందు ఒకటి వచ్చింది. ఆర్నెల్లు నిలవలేదు."

"కొరికేసిందా?"

"ఒక్క గాటు లేదు. ఊరికే దాని వెనకాలే తిరిగేది. అది ఇటొస్తే ఇటు, అటెళ్తే అటు. పాపం, తిండి మానేసి మూలకి చేరింది."

"కొరకనే అక్కర్లేదు మేడమ్. వదలకుండా వెంట తిరిగితే చాలు. చివరికి పోయిందా?"

"పోయింది," అని ఆవిడ రుమాలుతో ముక్కు తుడుచుకుంది.

కొట్టతను రెండు క్షణాలు బాధపడ్డాడు. మూడో క్షణంలో కేటలాగు తెరిచాడు.

"ఇందులో లెక్కుంది మేడమ్. చేప పొడవుకి ఆరు రెట్లు ట్యాంకు పొడవుండాలి. రెండు రెట్లు వెడల్పు. వెనక్కి తిరగడానికి చోటు లేని చేపకి కోపం ఎక్కువ. మీకు పన్నెండు అడుగులది చేయిస్తా. మందపాటి అద్దం. ఏనుగు గుద్దినా పగలదు."

ఆవిడ చీటీ వెనక రాసుకుంది. రాసుకుని తలెత్తింది.

"పన్నెండైతే గొడవ పడవు కదా? ఒట్టేసి చెప్పు. ఈసారి కూడా అలాగే అయితే నా ప్రాణం నిలవదు."

ఆ కళ్ళల్లో నీళ్ళు చూసి, వ్యాపారంలోకి దిగాక మొదటిసారి అతని నోరు జారి నిజం బయటికొచ్చింది.

"పడతాయి మేడమ్. పాతదానికి చోటు చాలక కాదు కోపం. ఉన్న చోటంతా తనదే అనుకోవడం వల్ల."

"మధ్యలో అద్దం అడ్డం పెడితే?"

"అద్దంలోంచి గుర్రుగా చూసుకుంటూ కూర్చుంటాయి. ఒకటే మందు. లోపలి రాళ్ళూ మొక్కలూ అన్నీ తీసి తారుమారు చేసెయ్యండి. ఎక్కడ ఏముందో పాతదానికి గుర్తు తెలియకూడదు. దాన్ని రెండు రోజులు వేరే చోట పెట్టండి. ముందు కొత్తదాన్ని వదలండి. అది నాలుగు మూలలూ చూసుకుని కుదుటపడ్డాక, అప్పుడు పాతదాన్ని తెండి. తన ఇంటికే చుట్టంలా వస్తుంది. నోరు మూసుకుని ఉంటుంది."

ఆవిడ చీటీలో 'రాళ్ళు' అని రాసి, కింద రెండు గీతలు గీసింది.

కొట్టతను అడ్రసు తీసుకున్నాడు. గురువారం వచ్చి కొలతలు తీసుకుంటానన్నాడు. పన్నెండు అడుగుల మీద ఆశ చంపుకోలేక బుధవారమే వచ్చేశాడు.

తలుపు తీసింది ఆవిడ భర్త. ఒక చేతిలో టీ గ్లాసు, ఇంకో చేతిలో ఖాళీ చెంచా.

"చక్కెర డబ్బా ఎక్కడ పెట్టావే?" అని లోపలికి అరిచాడాయన.

"నాకేం తెలుసు?"

"నీ ఇంట్లో డబ్బా నీకు తెలియదా?"

"నాకు తెలియకూడదనే పక్కింటావిడ చేత సర్దించాను. నేను వీధిలోనే నిలబడ్డాను, తొంగి కూడా చూడలేదు."

"పొద్దున ఉప్పు కూడా దొరకలేదు."

"ఉప్పు లేకపోతే బీపీ తగ్గుతుంది. తాగండి."

ఆవిడ ముందు గదిలో చెప్పులు తొడుక్కుని కూర్చుని ఉంది. పక్కన బట్టల సంచి. కొట్టతను గది నాలుగు మూలలూ చూశాడు. కుర్చీలు, గోడ గడియారం, కుట్టు మిషను. నీళ్ళున్న వస్తువు కూజా ఒక్కటే.

"ట్యాంకు ఎక్కడ మేడమ్?"

ఆవిడ వేలు పెట్టి వంటిల్లు చూపించింది.

కొట్టతను వెళ్ళి చూశాడు. స్టవ్వు ఉండాల్సిన గట్టు మీద బియ్యం డబ్బా ఉంది. గిన్నెల స్టాండు ఎదుటి గోడకెక్కింది. ఏం చెయ్యాలో తోచక, అలవాటు కొద్దీ టేపు లాగి కొలిచాడు. సరిగ్గా ఎనిమిది బై ఆరు.

బయటికొచ్చి, "మరి చేప?" అన్నాడు.

భర్త చక్కెర లేని టీని ఖాళీ చెంచాతో తిప్పుతూనే ఉన్నాడు. ఆవిడ సంచి పట్టీ విప్పింది, మళ్ళీ బిగించింది.

తల ఎత్తకుండానే అంది:

"పెద్ద కోడలు ఆర్నెల్లకే వేరు కాపురం పెట్టేసింది, చిన్న కోడలు రేపు పొద్దున దిగుతోంది, ఆ పాతదాన్ని నేనే బాబూ."